జున్నుపాలు, గుడ్డుసొన, పాముకాటు మందు: ఒకే అణువు కథ

పలమనేరు, పుంగనూరు వైపు ఏ పల్లెలోనైనా ఆవు ఈనిందంటే చుట్టుపక్కల రెండు మూడు ఇళ్లకు జున్నుపాలు చేరతాయి. బెల్లం, మిరియాల పొడి, ఏలకులు వేసి ఆవిరి మీద పెడితే కాసేపటికి గిన్నె నిండా గడ్డకడతాయి. పెరుగుకు తోడు కావాలి, పన్నీరుకు నిమ్మరసం కావాలి. జున్నుకు అవేమీ అక్కర్లేదు, వేడి తగిలితే చాలు. అదే ఆవు పాలు వారం తర్వాత ఎంత కాచినా పొంగుతాయే గానీ గట్టిపడవు. మొదటి పూట పాలతో నేరుగా చేస్తే జున్ను మరీ బిరుసెక్కుతుందని, మామూలు పాలు కలిపి పలచన చేసుకోవాలని వండే చేతులకు తెలుసు. నాలుగైదు రోజులకు పాలలోంచి ఆ గుణమే పోతుంది.

పొదుగు అదే, మేత అదే. మరి మారిందేమిటి?

మారింది పాలలోని ప్రోటీన్లు. మామూలు పాలలో ఎక్కువగా ఉండే కేసిన్ మరిగినా చెదరదు. ఈనిన వెంటనే వచ్చే పాలలో మాత్రం ఇమ్యునోగ్లోబ్యులిన్లు, అంటే యాంటీబాడీలు, విపరీతంగా ఉంటాయి. మంచి జున్నుపాలు లీటరుకు 50 గ్రాముల పైనే వీటిని మోసుకొస్తాయి. మామూలు పాలలో లీటరుకు ఒక గ్రాముకు అటూఇటూ ఉంటే గొప్ప. వేడి తగలగానే ఈ ప్రోటీన్ల మడతలు విప్పుకుని ఒకదానికొకటి చిక్కుపడి, మధ్యలో నీటిని బంధించి గడ్డకడతాయి. కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడడం వెనుకా ఇదే రసాయనం ఉంది.

అంటే జున్ను గిన్నెలో ఉన్నది ఆవు తన జీవితమంతా ఎదుర్కొన్న రోగాల జ్ఞాపకం. కొట్టంలోని బ్యాక్టీరియాతో, వైరస్‌లతో దాని ఒళ్లు పోరాడినప్పుడు తయారైన యాంటీబాడీలే ఈనే ముందు వారాల్లో రక్తంలోంచి పొదుగులోకి దిగుతాయి. అవి దిగేది దూడ కోసం.

దూడకు గడువు ఒక్క రోజే

మనిషి బిడ్డ పుట్టేటప్పటికే తల్లి యాంటీబాడీలు ఒంట్లో ఉంటాయి. దూడకు ఆ భాగ్యం లేదు. ఆవు మాయలో తల్లి రక్తానికీ పిండం రక్తానికీ మధ్య పొరలు ఎక్కువ. యాంటీబాడీ లాంటి పెద్ద అణువు వాటిని దాటలేదు. అందుకే దూడ దాదాపు యాంటీబాడీలే లేని రక్తంతో నేల మీద పడుతుంది. దానికి రక్షణ దొరికే దారి ఒక్కటే, జున్నుపాలు.

ఇక్కడ ప్రకృతి పెట్టిన ఏర్పాటు విచిత్రంగా ఉంటుంది. పుట్టిన తొలి గంటల్లో దూడ పేగు గోడలు పెద్ద ప్రోటీన్లను కూడా జీర్ణం చేయకుండా, విరగ్గొట్టకుండా, ఉన్నదున్నట్టు రక్తంలోకి పంపుతాయి. ఆ తలుపు గంట గంటకూ మూసుకుంటూ వస్తుంది. ఆరు గంటలు దాటితే పీల్చుకునే శక్తి బాగా తగ్గుతుంది. ఒక రోజు గడిచేసరికి తలుపు పూర్తిగా పడిపోతుంది. ఆ తర్వాత ఎన్ని జున్నుపాలు తాగించినా అవి కడుపుకు ఆహారమే, రక్తానికి రక్షణ కాదు.

అందుకే మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి వదలకూడదనే ఆచారం ప్రమాదకరం. మాయ పడడానికి ఒక్కోసారి ఎనిమిది, పది గంటలు పడుతుంది. ఆలోపు దూడకు దక్కాల్సిన దానిలో ఎక్కువ భాగం పోతుంది. నెల తిరక్కముందే పారుడుతోనో, ఊపిరితిత్తుల జబ్బుతోనో దూడలు చచ్చిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. నిజానికి దూడ చీకడం వల్ల తల్లి గర్భసంచి ముడుచుకుని మాయ త్వరగా పడే అవకాశమే ఉంది. పుట్టిన గంట రెండు గంటల్లో మొదటి విడత తాగించి, తొలి రోజుకు దూడ బరువులో పదో వంతు జున్నుపాలు అందేలా చూడాలని పశువైద్యులు చెబుతారు. పొట్టి పుంగనూరు ఆవు దూడకైనా, భారీ సంకరజాతి ఆవు దూడకైనా లెక్క అదే. ఇరుగుపొరుగు వాటా ఆ తర్వాతే.

జున్ను తినే మనిషికి మాత్రం ఈ రక్షణ రాదు. ఉడకగానే యాంటీబాడీల రూపం చెడిపోతుంది. మిగిలినదాన్ని మన కడుపు మామూలు మాంసకృత్తుగానే అరిగించేస్తుంది. రుచికీ పుష్టికీ లోటు లేదు, అంతవరకే.

గుడ్డుసొన దారి, మాయ దారి

తల్లి నుంచి బిడ్డకు యాంటీబాడీలు చేర్చడం వెన్నెముక ఉన్న జంతువుల్లో చాలా పాత అలవాటు. అయితే ఒక్కో వంశం ఒక్కో దారి వెతుక్కుంది.

కోడి తన యాంటీబాడీలను గుడ్డు పచ్చసొనలో దాస్తుంది. వీటిని ఐజీవై అంటారు. పొదిగే రోజుల్లో అవి సొన నుంచి పిల్ల రక్తంలోకి చేరతాయి. చిత్తూరు చుట్టుపక్కల కోళ్ల ఫారాలు నడిపేవారికి దీని ఫలితం అనుభవంలో ఉన్నదే. గంబోరో అనే కోళ్ల వైరస్ జబ్బుకు టీకా పిల్ల పుట్టిన రోజునే వేస్తే తల్లి ఇచ్చిన యాంటీబాడీలు టీకాలోని వైరస్‌ను అక్కడికక్కడే పట్టేస్తాయి, టీకా వృథా అవుతుంది. మరీ ఆలస్యం చేస్తే ఈలోపు అసలు వైరస్ పడుతుంది. అందుకే బ్రాయిలర్ షెడ్లలో ఈ టీకా రెండో వారం ప్రాంతంలో వేస్తారు. మన పిల్లలకు తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక వేయడానికీ కారణం ఇలాంటిదే. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అప్పటికి చాలావరకు తరిగిపోతాయి.

మనిషిలో మాయే రవాణా మార్గం. అక్కడ ఒక గ్రాహకం తల్లి రక్తంలోని ఐజీజీ అనే రకం యాంటీబాడీలను పట్టుకుని బిడ్డ వైపు దాటిస్తుంది. ముఖ్యంగా చివరి మూడు నెలల్లో ఈ రవాణా జోరందుకుంటుంది. కాన్పు నాటికి బిడ్డ రక్తంలో ఐజీజీ తల్లి రక్తంలో ఉన్నంత, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. గర్భిణికి వేసే ధనుర్వాతం ఇంజెక్షన్ వెనుక ఉన్న సూత్రం ఇదే. సూది తల్లికి, రక్షణ బిడ్డకు. ఒకప్పుడు బొడ్డు కోసిన కొడవలి, బ్లేడు నుంచి సోకి వారం పది రోజుల పసికందులను బలి తీసుకున్న ధనుర్వాతం, ఈ ఇంజెక్షన్, శుభ్రమైన కాన్పులు కలిసి రావడంతో వెనక్కి తగ్గింది. బాలింతలను, పసిపిల్లలను పీడించే ఈ జబ్బును అదుపు చేసినట్టు దేశంలో మొట్టమొదట నిర్ధారణ అయిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. ఆ నిర్ధారణ సర్వే 2003–04లో జరిగింది. దేశమంతటికీ ఆ గుర్తింపు 2015లో వచ్చింది.

తల్లి ముర్రుపాల సంగతి వేరు. వాటిలో ఎక్కువగా ఉండే ఐజీఏ రకం యాంటీబాడీ బిడ్డ రక్తంలోకి వెళ్లదు. పేగు గోడ మీదే కాపలా ఉంటుంది. ముర్రుపాలు పిండి పారబోసే అలవాటు ఆ కాపలాను తీసేయడమే.

మాయలోని ఆ గ్రాహకం గురించి ఇంకో మాట చెప్పాలి. అలాంటిదొకటి ఉండి తీరాలని బ్రిటన్ జంతుశాస్త్రవేత్త బ్రాంబెల్ 1950–60 దశకాల్లోనే ఊహించారు. దాని జన్యువు 1989లో చేతికి చిక్కింది. దాన్ని విప్పి చూస్తే అది ఎంహెచ్‌సీ అనే అణువుల కుటుంబానికి చుట్టం. ఎంహెచ్‌సీ అణువుల అసలు పని కణం లోపలి ప్రోటీన్ ముక్కలను పైకి తెచ్చి తెల్లకణాలకు చూపించడం. తిరుపతి స్విమ్స్‌లోనైనా, మరెక్కడైనా, కిడ్నీ మార్పిడికి ముందు దాత, గ్రహీతల మధ్య సరిపోల్చి చూసేది వీటినే. చూపించే పనికి పుట్టిన అణువు ఒకటి కాలక్రమంలో మోసే పనికి మళ్లిందన్నమాట. ఇక కోడిపిల్లలో సొన నుంచి రక్తంలోకి యాంటీబాడీలను చేర్చే గ్రాహకం ఎంహెచ్‌సీకి ఏమీ కాదు, పూర్తిగా వేరే కుటుంబం. పని ఒక్కటే, పక్షులు ఒక పనిముట్టును, మనలాంటి క్షీరదాలు మరో పనిముట్టును అందుకు మలుచుకున్నాయి. వ్యాధి నిరోధక అణువుల చరిత్ర నిండా ఇలాంటి మళ్లింపులే కనిపిస్తాయి.

లక్షల తాళాలకు చెవులు ఎవరు చేశారు?

యాంటీబాడీ ఇంగ్లీషు అక్షరం వై ఆకారంలో ఉంటుంది. రెండు చేతుల కొసలు శత్రువును పట్టుకుంటాయి. కింది కాడ, పట్టుకున్నదాన్ని ఏం చేయాలో ఇతర కణాలకు చెబుతుంది. కాడలో రకాలు కొన్నే. చేతుల కొసలు మాత్రం లెక్కకు అందవు. ఇప్పటిదాకా భూమ్మీద లేని, రేపు పుట్టబోయే వైరస్‌కు సరిపోయే కొస కూడా ఒంట్లో ఎక్కడో ఒక కణం మీద ఉండే అవకాశం ఉంది.

శాస్త్రవేత్తలను ఏళ్ల తరబడి వేధించిన చిక్కు ఇదే. ఒక ప్రోటీన్‌కు ఒక జన్యువు అనుకుంటే, కోట్ల రకాల యాంటీబాడీలకు కోట్ల జన్యువులు ఉండాలి. మనిషిలో ప్రోటీన్ జన్యువులు మొత్తం కలిపినా ఇరవై వేల ప్రాంతమే. సుసుము తొనెగావా స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 1976లో ఈ ముడి విప్పారు. 1987లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. యాంటీబాడీ జన్యువు తల్లిదండ్రుల నుంచి పూర్తి రూపంలో రాదు, ముక్కలుగా వస్తుంది. ఒక్కో తెల్లకణం తన మటుకు తాను ఆ ముక్కలను ఏరి కలిపి కుట్టుకుంటుంది.

తిరుపతి వీధుల్లో పూలమాలలు కట్టేవారి ముందు మూడు బుట్టలు ఉన్నాయనుకుందాం. ఒకదానిలో నలభై రకాల పూలు, రెండోదానిలో ఇరవై మూడు, మూడోదానిలో ఆరు. ప్రతి మాలకూ ఒక్కో బుట్ట నుంచి ఒక్కో పువ్వే తీయాలి. అలా కడితే 5,520 రకాల మాలలు వస్తాయి. ఇది యాంటీబాడీలోని పెద్ద ప్రోటీన్ గొలుసు లెక్క. చిన్న గొలుసుకు వేరే బుట్టలు ఉన్నాయి, వాటితో మూడు వందలకు పైగా రకాలు. రెండూ జతకడితే లెక్క పదిహేడు లక్షలు దాటుతుంది. అంతటితో ఆగదు. పువ్వుకూ పువ్వుకూ మధ్య ముడి పడే చోట ఒకసారి రెండు మరువపు రెబ్బలు, ఒకసారి ఐదు, ఇంకోసారి ఒక రేకు తుంచేసి ఏమీ పెట్టకుండా కట్టేస్తే ఏ రెండు మాలలూ ఒకేలా ఉండవు. యాంటీబాడీ చేతి కొసలో శత్రువును అన్నిటికంటే గట్టిగా తాకే భాగం సరిగ్గా ఈ ముడుల దగ్గరే ఉంటుంది. అందుకే వైవిధ్యం లక్షల నుంచి వేల కోట్లకు పాకుతుంది.

ఈ కత్తిరింపు, కుట్టు తల్లిదండ్రుల డీఎన్‌ఏలో జరగదు. ఒక్కో తెల్లకణం పుట్టేటప్పుడు దానిలోనే జరుగుతుంది. కాబట్టి పిల్లలకు సంక్రమించేవి బుట్టలే, మాలలు కావు.

బాక్స్ | రొయ్యకు టీకా వేయలేమా?

2022లో జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేట, పులికాట్ తీరం తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. ఆ తీరం పొడవునా రొయ్యల చెరువులు ఉన్నాయి. 1994–95 ప్రాంతంలో వైట్ స్పాట్ వైరస్ ఆంధ్ర తీరంలో టైగర్ రొయ్య సాగును కుదేలు చేసింది. చేపకు టీకా వేయవచ్చు, రొయ్యకు ఎందుకు లేదని రైతులు అడిగే ప్రశ్నకు జవాబు పరిణామ చరిత్రలో ఉంది. రొయ్యకు వెన్నెముక లేదు. దానికి యాంటీబాడీలూ లేవు, మాలలు కట్టే తెల్లకణాలూ లేవు. సూక్ష్మజీవుల మీద సాధారణంగా కనిపించే గుర్తులను పసిగట్టే కొన్ని గ్రాహకాలు, వాటిని చంపే రసాయనాలు ఉన్నాయి. వాటితోనే రొయ్య వంశం కోట్ల ఏళ్లు నెగ్గుకొచ్చింది. అయితే ఒకసారి చూసిన శత్రువును ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుని యాంటీబాడీలతో ఎదుర్కోవడం దానికి సాధ్యం కాదు. అందుకే వ్యాధి లేని తల్లిరొయ్యల సీడ్, చెరువు గట్టు కట్టుబాట్లు, నీటి శుద్ధి మీదే భారమంతా పడుతోంది.

చొరబడిన జన్యువు

కత్తిరించేది ఎవరు? ర్యాగ్-1, ర్యాగ్-2 అనే రెండు ప్రోటీన్లు. అమెరికాలో డేవిడ్ బాల్టిమోర్ ప్రయోగశాలలో డేవిడ్ షాట్జ్, మార్జొరీ ఓటింగర్ 1989–90లో వీటి జన్యువులను పట్టుకున్నారు. ఈ జన్యువులు పుట్టుకతోనే పాడైన పసివాళ్లకు యాంటీబాడీలు ఉండవు, టీ కణాలనే మరో రకం తెల్లకణాలూ ఉండవు. మూలకణ మార్పిడి జరగకపోతే మామూలు సూక్ష్మజీవులే వారి ప్రాణం తీస్తాయి.

ఈ రెండు జన్యువుల వాలకం మొదటి నుంచీ అనుమానాస్పదమే. మన జన్యువుల్లో చాలావాటికి మధ్యమధ్య ప్రోటీన్‌ను రాయని పొడవాటి విరామాలు ఉంటాయి. వీటిలో ప్రోటీన్‌ను రాసే భాగం విరామం లేకుండా ఒకే బిగిన సాగుతుంది. పైగా రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి, ఎక్కడి నుంచో జంటగా వచ్చి దిగినట్టు. 1998లో రెండు బృందాలు ఆ అనుమానాన్ని నిజం చేశాయి. పరీక్షనాళికలో ర్యాగ్ ప్రోటీన్లు ఒక డీఎన్‌ఏ ముక్కను కత్తిరించి తీసుకెళ్లి మరో డీఎన్‌ఏలో అతికించాయి. అది ‘గెంతే జన్యువు’ల పని. మొక్కజొన్న గింజల రంగుల్లో బార్బరా మెక్‌క్లింటాక్ కనిపెట్టిన జాతి అది. తనను తాను కోసుకుని మరోచోట అతుక్కోవడం తప్ప దానికి వేరే ఉద్దేశం ఉండదు. ఆతిథ్యమిచ్చిన జీవికి మేలు చేయాలన్న పట్టింపు అసలే ఉండదు.

కథ ఇలా నడిచి ఉండాలి. యాభై కోట్ల ఏళ్ల కిందట, మన దూరపు జలచర పూర్వీకుల్లో ఒకదానిలో ఏదో గ్రాహకం తాలూకు జన్యువు మధ్యలోకి అలాంటి గెంతే జన్యువు ఒకటి చొరబడి దాన్ని రెండుగా చీల్చింది. ఆ గ్రాహకం పనిచేయాలంటే చొరబాటుదారు తనను తాను కోసుకుని బయటికి పోవాలి. పోయేటప్పుడు అతుకు ప్రతిసారీ కాస్త తేడాగా పడుతుంది. ఆ తేడాలే పెట్టుబడి అయ్యాయి. ఒక్కో కణానికి ఒక్కో రకం గ్రాహకం వచ్చింది. తర్వాత గెంతే శక్తి ఉడిగిపోయి, కత్తి మాత్రం ఇంటివాళ్ల చేతిలో మిగిలింది.

దీనికి బతికున్న సాక్ష్యం 2016లో దొరికింది. చైనా శాస్త్రవేత్తలు ఆంఫియాక్సస్ అనే చిన్న సముద్రజీవి జన్యువుల్లో ఇంకా గెంతగలిగే స్థితిలోనే ఉన్న ర్యాగ్ జంటను కనుగొన్నారు. ఆంఫియాక్సస్‌కు యాంటీబాడీలు లేవు. దానిలో ర్యాగ్ ఇంకా చొరబాటుదారే. మన ఒంట్లో అదే లేకపోతే ఏ టీకాకూ అర్థం ఉండేది కాదు.

దవడ లేని చేప చెప్పిన సంగతి

సొరచేప నుంచి మనిషి దాకా దవడ ఉన్న దాదాపు ప్రతి వెన్నెముక జీవికీ యాంటీబాడీల పద్ధతి ఉంది. దవడ రాకముందే విడిపోయిన పాత శాఖ ఒకటి ఇంకా బతికే ఉంది. పాములా పొడవుగా, గుండ్రటి నోటితో ఇతర చేపలకు అంటుకుని రక్తం పీల్చే లాంప్రేలు ఆ శాఖకు చెందినవి. వాటి ఒంట్లోకి బ్యాక్టీరియాను ఎక్కిస్తే సరిగ్గా ఆ బ్యాక్టీరియానే పట్టే ప్రోటీన్లు రక్తంలో తయారవుతాయని చాలా కాలంగా తెలుసు. కానీ జన్యువులు ఎంత గాలించినా యాంటీబాడీ దొరకలేదు. ర్యాగ్ కూడా లేదు.

2004లో మాక్స్ కూపర్, జీవ్ పాన్సర్ బృందం అసలు సంగతి బయటపెట్టింది. లాంప్రే వాడే అణువులు యాంటీబాడీల బంధువులే కావు. ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం పదేపదే వచ్చే, వంపు తిరిగిన ప్రోటీన్ ముక్కలను వరసగా పేర్చుకుని అది తన గ్రాహకాలను తయారుచేసుకుంటుంది. ముక్కలు కలిపి వైవిధ్యం పుట్టించడమనే ఉపాయం మాత్రం అచ్చంగా మనదే. తీరా చూస్తే, వేర్వేరు సరుకుతో, వేర్వేరు పనిముట్లతో వెన్నెముక జీవులు ఒకే ఉపాయానికి రెండుసార్లు చేరుకున్నాయి. ఈ మొత్తం శాస్త్రంలో ఇంతటి అబ్బురం మరొకటి లేదనిపిస్తుంది. సూక్ష్మజీవుల పోటు ఎంత తీవ్రంగా ఉంటే ఇలా జరగాలి!

సొర, కప్ప, కోడి

సొరచేపల్లో ఐజీఎం అనే రకం యాంటీబాడీ ఉంది, మనలోనూ ఉంది. నలభై ఐదు కోట్ల ఏళ్లుగా దాదాపు ప్రతి వంశం దాన్ని కాపాడుకుంటూ వచ్చింది. దాదాపు అనడానికి కారణం సీలకాంత్. ఆ అరుదైన చేప జన్యువులను 2013లో పూర్తిగా చదివితే ఐజీఎం కనబడలేదు. సొరకు మరో ప్రత్యేకత కూడా ఉంది. చిన్న గొలుసు లేకుండా పెద్ద గొలుసులతోనే తయారైన యాంటీబాడీ ఒకటి దానిలో ఉందని 1995లో తెలిసింది. అంతకు రెండేళ్ల ముందు ఒంటెలోనూ అలాంటిదే దొరికింది. రెండిటికీ చుట్టరికం లేదు, ఎవరికి వారుగా చేరిన మజిలీ అది.

యాంటీబాడీ చేతి కొస అలాగే ఉంచి కాడను మాత్రం మార్చుకునే నేర్పు కప్పల కాలానికి వచ్చింది. వాటిలో ఐజీవై కనిపిస్తుంది. పక్షులు దాన్నే ఉంచుకున్నాయి. క్షీరదాల్లో ఐజీవై లాంటి పూర్వ జన్యువు రెట్టింపై రెండు దారులు పట్టింది. ఒకటి ఐజీజీ, రక్తంలో ప్రధాన సైన్యం. రెండోది ఐజీఈ, పరాన్నజీవుల మీద పోరుకు పనికొచ్చేది. దుమ్ముకు తుమ్ములు, వేరుశనగ తింటే దద్దుర్లు వచ్చేవాళ్లకు ఆ బాధ తెచ్చిపెట్టేదీ ఈ ఐజీఈనే.

ఇక కోడి. దాని తోక దగ్గర, మలద్వారం పైన చిన్న సంచి ఉంటుంది. ఇటలీలోని పాడువాలో పాఠాలు చెప్పిన ఫాబ్రీషియస్ దాన్ని నాలుగు వందల ఏళ్ల కిందట వర్ణించాడు గానీ దాని పని ఎవరికీ అంతుబట్టలేదు. 1950లలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి బ్రూస్ గ్లిక్ కోడిపిల్లల్లో ఆ సంచిని తీసేసి చూశాడు. ఏ తేడా కనబడలేదు. అతని స్నేహితుడు తిమొతీ చాంగ్‌కు తరగతిలో యాంటీబాడీలు ఎలా పుడతాయో చూపడానికి కోళ్లు కావలసివచ్చి వీటినే అడిగి తీసుకున్నాడు. సాల్మొనెల్లా సూది వేస్తే చాలా కోళ్లలో యాంటీబాడీలే రాలేదు. అవన్నీ సంచి తీసేసిన కోళ్లు! పేరున్న ఒక పత్రిక ఆ వ్యాసాన్ని వద్దంటే 1956లో కోళ్ల శాస్త్రానికి చెందిన పత్రికలో అచ్చయింది. దాని విలువ గుర్తించి 1965లో ముందుకు తీసుకెళ్లింది, తర్వాతి కాలంలో లాంప్రే రహస్యం విప్పిన మాక్స్ కూపరే. యాంటీబాడీలు చేసే తెల్లకణాలను బీ కణాలంటాం. ఆ బీ అక్షరం ఈ సంచి పేరైన బర్సా నుంచే వచ్చింది. మనకు బర్సా లేదు, మన బీ కణాలు ఎముక మజ్జలో పుడతాయి.

కోడి మాల కట్టే తీరూ వేరే. దాని మొదటి బుట్టలో పనిచేసే పువ్వు ఒక్కటే. చుట్టూ ఉన్న పనికిరాని జన్యువుల నుంచి తునకలు తెచ్చి ఆ ఒక్కదానిలోనే అతికించి వైవిధ్యం సాధిస్తుంది. ఈ పనంతా బర్సాలోనే. గంబోరో వైరస్ సరిగ్గా అక్కడే దెబ్బ కొడుతుంది. మూడు నుంచి ఆరు వారాల వయసులో అది సోకిన పిల్ల బతికి బయటపడినా బర్సా కుంచించుకుపోతుంది. తర్వాత కొక్కెర తెగులు టీకా వేసినా సరిగ్గా పట్టదు. ఒక టీకా తప్పితే మిగతావన్నీ ఎందుకు తేలిపోతాయో షెడ్డు యజమాని ఇలా అర్థం చేసుకోవచ్చు.

ఆవు చేతిలో పొడవాటి గుబ్బ

యాంటీబాడీల చేతి కొసల మీద శత్రువును తాకే ముఖ్యమైన వంపు మనిషిలో సుమారు పదిహేను అమైనో ఆమ్లాల పొడవు ఉంటుంది. ఆవు యాంటీబాడీల్లో దాదాపు పదో వంతుకు ఆ వంపు అరవై, డెబ్బై దాకా సాగి, తొడిమ మీద గుబ్బలా పైకి లేస్తుంది. వాన్ స్మైడర్ బృందం 2013లో దాని ఆకృతిని ప్రచురించింది. అంత పొడవైన గుబ్బ సందుల్లోకి దూరగలదు.

ఎయిడ్స్ వైరస్ తన బలహీనమైన చోటును చక్కెర అణువుల అడవి వెనుక దాచుకుంటుంది. మనుషుల్లో ఆ చోటును పట్టగల యాంటీబాడీలు కొద్దిమందిలోనే, అదీ ఏళ్లు గడిచాక పుడతాయి. 2017లో అమెరికా శాస్త్రవేత్తలు వైరస్ పైతొడుగు ప్రోటీన్‌ను నాలుగు ఆవు దూడలకు ఎక్కించారు. నాలుగిటిలోనూ అనేక రకాల హెచ్‌ఐవీని అడ్డుకునే యాంటీబాడీలు పుట్టాయి, ఒకదానిలో ఆరు వారాలకే. హెచ్‌ఐవీ ఆవుకు సోకదు. నెమరువేసే కడుపు నిండా సూక్ష్మజీవులను మోస్తూ బతికే జంతువుకు ఈ పొడవాటి గుబ్బ ఎందుకో పనికొచ్చింది. ఆ పరికరం మనిషి వైరస్ మీదా పారింది.

గుర్రం నుంచి రైతుకు

వేరే ఒంట్లో తయారైన యాంటీబాడీలను అరువు తెచ్చుకునే పని రాయలసీమలో ప్రతి వానాకాలం జరుగుతుంది. చెనక్కాయ చేలో పాము కరిచి తిరుపతి రుయా ఆసుపత్రికి వచ్చిన మనిషి నరంలోకి ఎక్కించే మందు గుర్రం యాంటీబాడీలే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషాలను కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలోంచి యాంటీబాడీలు వేరుచేస్తారు. ఆ విషంలో అత్యధిక భాగం చెన్నై దగ్గర 1978లో మొదలైన ఇరుళర్ పాములవారి సహకార సంఘం నుంచి వస్తుంది. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుకు ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆ భారం ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

గుర్రం, మనిషి వంశాలు విడిపోయి దాదాపు తొమ్మిది కోట్ల ఏళ్లు. ఆ కాలంలో రెండింటి యాంటీబాడీ కాడలు చెరో దారిన మారాయి. మన ఒళ్లు గుర్రం కాడను పరాయిదిగా గుర్తుపట్టి తిరగబడుతుంది. అందుకే మన దేశంలో తయారీదారులు పెప్సిన్ అనే ఎంజైముతో కాడను కోసేసి, విషాన్ని పట్టే రెండు చేతులనే మందుగా ఇస్తారు. అయినా కొందరికి దద్దుర్లు, ఊపిరాడకపోవడం వస్తాయి. సూది ఎక్కేటప్పుడు పక్కనే అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకునేది అందుకే.

గుర్రం అవసరం లేకుండా చేసే ప్రయత్నాలూ సాగుతున్నాయి. 2024లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ శాస్త్రవేత్తలు కలిసి పూర్తిగా మనిషి తరహా యాంటీబాడీ ఒకటి తయారుచేశారు. నాగుపాము, కట్లపాము, ఆఫ్రికా బ్లాక్ మాంబా విషాల్లో నరాలను స్తంభింపజేసే ఒక ముఖ్యమైన రకం విషాన్ని అది ఎలుకల్లో అడ్డుకుంది. రక్తపింజరి విషం తీరు వేరు, అది రక్తం గడ్డకట్టే వ్యవస్థను దెబ్బతీసి కిడ్నీలను చెడగొడుతుంది. ఈ కొత్త యాంటీబాడీ దాన్ని పట్టదు. పింజరి విషంలోని రకరకాల ఎంజైములకు విడివిడిగా యాంటీబాడీలు వెతికి, అన్నిటినీ కలిపి ఒకే సీసాలోకి తేవాలి. అప్పటిదాకా రుయా అత్యవసర విభాగంలో పింజరి కాటుకు ఎక్కేది గుర్రం యాంటీబాడీలే.